పీహెచ్‌పీ భాషను ఎవరు, ఎలా తయారు చేస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

పీహెచ్‌పీ అంటే వెబ్ పేజీలను సర్వరులో తయారు చేసే ప్రోగ్రామింగ్ భాష. వెబ్‌సైట్ల పనిలో ఉన్న తెలుగువారిలో ఎప్పుడో ఒకప్పుడు పీహెచ్‌పీలో కోడు రాసినవారు చాలామందే ఉంటారు. అయితే ఆ భాషను ఎవరు తయారు చేస్తారు, అందులో మార్పులు ఎవరి నిర్ణయంతో జరుగుతాయి, ఆ పనికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు అనే ప్రశ్నలకు తెలుగులో సమాధానం దొరకడం కష్టం. ఆ లోటును కొంతైనా తీర్చడానికి ఈ పేజీ రాశాము. భాషను వాడడం నేర్పే పాఠాలు ఇందులో ఉండవు.

పీహెచ్‌పీ ఏ కంపెనీది?

ఏ ఒక్క కంపెనీదీ కాదు. దాని సోర్స్ కోడు (మనుషులు రాసిన అసలు ప్రోగ్రాము) మొత్తం గిట్‌హబ్ అనే కోడు నిల్వ సైటులో ఉంది. ఎవరైనా దించుకుని చదవవచ్చు, మార్చుకోవచ్చు, తమ ఉత్పత్తిలో కలిపి అమ్ముకోవచ్చు కూడా. నాలుగో వెర్షన్ నుంచి అది సొంత లైసెన్సు కింద వస్తోంది. ఆ లైసెన్సు బీఎస్‌డీ అనే ఉదారమైన లైసెన్సు తరహాది కనుక, మీరు చేసుకున్న మార్పులను బయటపెట్టి తీరాలని నిర్బంధించదు. కానీ మార్చిన కోడుతో తయారైన వస్తువుకు అనుమతి లేకుండా పీహెచ్‌పీ అనే పేరు పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోదు.

ఒక్కరి చేతిలో మొదలైన పని ఇంత పెద్ద భాషగా ఎలా మారింది?

గ్రీన్‌లాండ్‌లో పుట్టి కెనడాలో చదువుకున్న రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో, తన రెజ్యూమె పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి, సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. 1995 జూన్ 8న వాటిని అందరికీ ఉచితంగా ఇచ్చారు. కొత్త భాషను సృష్టించాలన్న ఉద్దేశం అప్పటికి ఆయనకు లేదు. రెండేళ్ల తర్వాత ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ తమ కళాశాల ప్రాజెక్టుకు ఆ పనిముట్టు చాలడం లేదని గమనించి, దాని పార్సర్‌ను, అంటే కోడును చదివి అర్థం చేసుకునే భాగాన్ని, కొత్తగా రాశారు. లెర్డార్ఫ్ వారితో చేతులు కలిపారు. 1998 జూన్‌లో వెలువడిన పీహెచ్‌పీ 3 అలా పుట్టిందే. తర్వాత జీవ్, ఆండీ అనే పేర్లలోని అక్షరాలు కలిపి జెండ్ అని పేరు పెట్టిన ఇంజిన్‌తో 2000 మే నెలలో నాలుగో వెర్షన్, పటిష్ఠమైన ఆబ్జెక్టుల వ్యవస్థతో 2004 జూలైలో అయిదో వెర్షన్ వచ్చాయి.

మూడో వెర్షన్ విస్తరించడానికి అసలు కారణం అది ఎక్స్‌టెన్షన్లకు (భాషకు బయటి నుంచి జతచేసే భాగాలకు) తలుపు తెరవడమే అని మా అభిప్రాయం. భాష గర్భంలోకి వెళ్లనవసరం లేకుండా, తమకు కావలసిన డేటాబేస్‌కో ఇమేజ్ లైబ్రరీకో సీ భాషలో ఒక ఎక్స్‌టెన్షన్ రాసి జతచేసే వీలు కలగడంతో, అవసరం ఉన్న ప్రతివారూ తమ ముక్క తాము రాసి ఇచ్చారు. ఈ భాష బలమూ, అందులో ఇప్పటికీ కనిపించే అతుకుల బొంత తనమూ రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

సోర్స్ కోడులో ఏముంటుంది? నేను రాసిన పేజీ ఎలా నడుస్తుంది?

కోడు ప్రధానంగా సీ భాషలో ఉంటుంది. జెండ్ అనే ఫోల్డరులో భాష ఇంజిన్, ఎక్స్‌ట్ అనే దాంట్లో ఎక్స్‌టెన్షన్లు, సాపీ అనే దాంట్లో అపాచీ వంటి సర్వర్లతోనూ కమాండ్ లైన్‌తోనూ మాట్లాడే భాగాలు ఉంటాయి. మీ ఫైలును ముందుగా స్కానర్ టోకెన్లుగా, అంటే విడి పదాలూ గుర్తులుగా, విడగొడుతుంది. ఈ స్కానర్‌ను ఆర్‌ఈ2సీ అనే పనిముట్టుతో పుట్టిస్తారు. ఆ టోకెన్లను బైసన్‌తో తయారైన పార్సర్ వాక్యనిర్మాణ వృక్షంగా అమరుస్తుంది. ఏడో వెర్షన్‌కు ముందు ఈ వృక్షం ఉండేది కాదు. పార్సర్ చదువుతూనే నేరుగా ఆప్‌కోడ్‌లు (ఇంజిన్ నడిపే చిన్న చిన్న ఆదేశాలు) రాసేసేది. అందువల్ల వ్యాకరణంలో చిన్న మార్పు చేయాలన్నా నానా తంటాలు పడవలసి వచ్చేది. ఇప్పుడు వృక్షం నుంచి ఆప్‌కోడ్‌లు తయారవుతాయి, వాటిని ఇంజిన్‌లోని వర్చువల్ మెషీన్ అనే భాగం నడుపుతుంది. పేజీ కావాలని బ్రౌజరు పంపే ప్రతి రిక్వెస్టుకూ ఈ తతంగమంతా మళ్లీ జరగకుండా, 2013లో వచ్చిన 5.5 నుంచి భాషతో పాటే అందుతున్న ఆప్‌క్యాష్ ఆ ఆప్‌కోడ్‌లను మెమరీలో దాచి ఉంచుతుంది.

మరో సంగతి కూడా తెలుసుకోవాలి. మామూలు పద్ధతిలో నడిచినప్పుడు, ఒక రిక్వెస్టు ముగియగానే అందులోని వేరియబుళ్లన్నీ చెరిగిపోయి, తర్వాతి రిక్వెస్టు శుభ్రమైన స్థితి నుంచి మొదలవుతుంది. ఒక పేజీలో జరిగిన తప్పు పక్క పేజీకి పాకకుండా ఉండడానికీ, చవక షేర్డ్ హోస్టింగ్‌లో వేల సైట్లు ఒకే సర్వరు మీద బతకగలగడానికీ ఈ ఏర్పాటు ఎంతో తోడ్పడింది.

5 తర్వాత 7 వచ్చింది. మరి 6 ఏమైంది?

భాష అంతటినీ, అన్ని లిపులకూ ఒకే సంకేత వ్యవస్థ అయిన యూనికోడ్‌కు మార్చాలని 2005లో ఆండ్రే జ్మియెవ్‌స్కీ నాయకత్వంలో మొదలైన ప్రయత్నమే పీహెచ్‌పీ 6. సమస్య ఏమిటో తెలుగు పాఠకులకు ఒక్క ఉదాహరణతో చూపవచ్చు. "తెలుగు" అనే పదం పొడవెంతో చెప్పమని స్ట్ర్‌లెన్ ఫంక్షన్‌ను అడిగితే 18 అంటుంది. ఆ పదంలో మూడు హల్లులూ మూడు గుణింతపు గుర్తులూ కలిపి ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఇచ్చిన విడి సంఖ్యలు) ఉంటాయి, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, ఆ ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లను మాత్రమే. ఎంబీ_స్ట్ర్‌లెన్ అయితే 6 అంటుంది. మనం అక్షరాలుగా లెక్కించే 3 కావాలంటే గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్‌ను పిలవాలి. తెలుగు వార్తా శీర్షికను నిర్ణీత పొడవుకు కత్తిరించబోయి, చివర ప్రశ్నార్థకపు గుర్తున్న నల్ల డైమండును చూసినవారికి ఈ తేడా ఎంత నష్టం చేస్తుందో తెలుసు.

దీనికి పీహెచ్‌పీ 6 ఎంచుకున్న మార్గం, స్ట్రింగులన్నిటినీ (పాఠపు విలువలన్నిటినీ) లోపల యూటీఎఫ్-16 అనే మరో రూపంలో ఉంచడం. తెలుగు పాఠానికి అది లాభమే. మూడు బైట్ల చోట రెండు చాలు. కానీ వెబ్ పేజీలో ట్యాగులూ, డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నలూ, ఫైలు పేర్లూ అన్నీ ఆంగ్ల అక్షరాల్లోనే ఉంటాయి కనుక వాటికి మెమరీ రెట్టింపవుతుంది. పైగా లోపలికి వచ్చే ప్రతి స్ట్రింగునూ, బయటికి వెళ్లే ప్రతి స్ట్రింగునూ మార్చుతూ కూర్చోవాలి. ఆ కోడులో లోతుగా దిగగలిగినవారు కొద్దిమందే. పని సాగక, సిద్ధమైన ఇతర సదుపాయాలు కూడా దానితో పాటే ఆగిపోయాయి. నేమ్‌స్పేస్‌లు, క్లోజర్లు వంటివాటిని తీసి 2009లో 5.3గా విడుదల చేయవలసి వచ్చింది. 2010 మార్చిలో ఆరో వెర్షన్‌ను పూర్తిగా వదిలేశారు. అప్పటికే ఆ పేరుతో పుస్తకాలు కూడా మార్కెట్లోకి వచ్చేయడంతో, తర్వాతి ప్రధాన వెర్షన్‌కు ఏ సంఖ్య పెట్టాలన్న విషయం మీద 2014లో ఓటింగ్ జరిపి 7ను ఎంచుకున్నారు.

కొత్త సదుపాయం భాషలోకి ఎలా చేరుతుంది?

2011 నుంచి దీనికి రాతపూర్వకమైన పద్ధతి ఉంది. కోరుకునేవారు ఆర్‌ఎఫ్‌సీ అనే ప్రతిపాదన పత్రం రాయాలి. ఏం మారుతుంది, ఎందుకు మారాలి, ఇప్పటికే నడుస్తున్న కోడులో ఏది తెగుతుంది అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఇంటర్నల్స్ అనే మెయిలింగ్ లిస్టులో కనీసం రెండు వారాలు చర్చ జరగాలి. ఆ తర్వాత ఓటింగ్. 2019 నుంచి ప్రతి ప్రధాన ప్రశ్నకూ మూడింట రెండు వంతుల మద్దతు తప్పనిసరి. అంతకు ముందు కొన్ని విషయాలకు సాధారణ మెజారిటీ సరిపోయేది. ఒకరిద్దరు ఎక్కువ తక్కువతో తేలిపోయే నిర్ణయం కోట్ల పేజీల మీద ప్రభావం చూపే భాషకు తగదని ఆ నియమాన్ని మార్చడం మంచి పని.

ప్రతిపాదించడానికి ఎవరైనా అర్హులే. ఓటు మాత్రం భాష అభివృద్ధిలో పాల్గొని ప్రాజెక్టు ఖాతా పొందినవారికీ, పెద్ద ఫ్రేమ్‌వర్కుల (పీహెచ్‌పీలో రాసిన సిద్ధమైన కోడు చట్రాల) వంటివాటి ప్రతినిధులుగా ఓటు హక్కు పొందిన మరికొందరికీ ఉంటుంది. ప్రతిపాదన నెగ్గినంత మాత్రాన కోడు దానంతటదే పుట్టదు కనుక, అమలు చేసేవారు ఎవరో ముందే తేలి ఉండడం ఎంతైనా మేలు.

ఒకసారి ఓడిన ప్రతిపాదన మళ్లీ రావచ్చా?

రావచ్చు. ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు వరుసగా అందించే పైప్ ఆపరేటర్‌ను లారీ గార్‌ఫీల్డ్ అనే డెవలపర్ 2021లో ప్రతిపాదించినప్పుడు అది ఓడిపోయింది. మార్చిన రూపంలో మళ్లీ తెస్తే ఆమోదం పొంది, 2025 నవంబరులో వచ్చిన 8.5లో చేరింది. దీనికి విరుద్ధంగా, పీహెచ్‌పీ కోడు మొదలును క్లుప్తంగా సూచించే చిన్న ఓపెనింగ్ ట్యాగులను తొలగించాలన్న ప్రతిపాదన 2019లో నెగ్గినా, లక్షల పాత పేజీలు ఏమవుతాయన్న అభ్యంతరాలు రావడంతో మళ్లీ ఓటింగ్ పెట్టగా ఓడిపోయింది. ఆ ట్యాగులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

ఫంక్షన్ల పేర్లు ఇంత గజిబిజిగా ఉన్నాయి కదా, ఎందుకు సరిచేయరు?

స్ట్ర్‌లెన్ పేరులో కింది గీత లేదు, స్ట్ర్_రిప్లేస్‌లో ఉంది. స్ట్ర్‌పాస్‌కు ముందుగా వెతకవలసిన పాఠం ఇవ్వాలి, తర్వాత వెతికే ముక్క. ఇన్_అర్రేకు ఇది తలకిందులు. స్ట్రింగు ఫంక్షన్లు చాలావరకు సీ లైబ్రరీలోని క్రమాన్ని అనుసరించాయి, మిగిలినవాటిని వేరువేరు చేతులు వేరువేరు కాలాల్లో రాశాయి. ఇప్పుడు వరుస మార్చితే, కోడు ఏ ఫిర్యాదూ చేయకుండా నడుస్తూనే తప్పుడు సమాధానం ఇస్తుంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే మార్పుకన్నా ఇది చాలా ప్రమాదకరం. కనుక దాన్ని ముట్టుకోకుండా, ఎనిమిదో వెర్షన్‌లో ఫంక్షన్‌కు ఇచ్చే విలువలను (ఆర్గ్యుమెంట్లను) పేరుతో పంపే వీలు కల్పించారు. పేరు రాస్తే వరుసతో పని లేదు.

అవసరమైనప్పుడు తెగింపు కూడా చూపారు. 0 == "తెలుగు" అన్న పోలిక ఏడో వెర్షన్ వరకు నిజమని తేలేది, ఎందుకంటే అంకె లేని స్ట్రింగును సున్నాగా మార్చి పోల్చేవారు. 8.0 నుంచి అది అబద్ధమని తేలుతుంది.

పాత సదుపాయాలను ఎలా తొలగిస్తారు?

సాధారణంగా ముందు హెచ్చరిక, తర్వాత తొలగింపు. రిజిస్టర్_గ్లోబల్స్ ఇందుకు మంచి ఉదాహరణ. చిరునామా గీతలో వచ్చిన ప్రతి విలువనూ నేరుగా వేరియబుల్‌గా మార్చేసే ఆ సెట్టింగు ఎన్నో సైట్లలో దొంగదారులు తెరిచింది. 2002లో వచ్చిన 4.2లో దాన్ని డిఫాల్టుగా ఆపేశారు; పూర్తిగా తీసేసింది 2012లో వచ్చిన 5.4లో. పదేళ్లు పట్టింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కోసం ఉన్న పాత ఎక్స్‌టెన్షన్‌కు 2013లో హెచ్చరిక మొదలై, 2015లో 7.0తో అది వెళ్లిపోయింది. రెండేళ్ల వ్యవధి చాలక అవస్థ పడిన సైట్లు మన దగ్గరా తక్కువేం కాదు.

ఫేస్‌బుక్ సొంత భాష తయారు చేసుకున్నప్పుడు పీహెచ్‌పీకి ఏమైంది?

ఆ పోటీ పీహెచ్‌పీకి మేలే చేసింది. ఫేస్‌బుక్ తన పీహెచ్‌పీ కోడును వేగంగా నడపడానికి హెచ్‌హెచ్‌వీఎం అనే ఇంజిన్‌ను తయారు చేసి, 2014లో దానిమీద హ్యాక్ అనే భాషను ప్రకటించింది. అదే ఏడాది వికీపీడియా ఆ ఇంజిన్‌కు మారింది. డిమిట్రీ స్టోగోవ్, షిన్‌చెన్ హుయ్, నికితా పోపోవ్ అప్పటికే పీహెచ్‌పీ ఇంజిన్ లోపలి డేటా నిర్మాణాలను తిరగరాసే పనిలో ఉన్నారు. ప్రతి విలువనూ మోసే జెడ్‌వాల్ అనే నిర్మాణం 64 బిట్ యంత్రాల్లో 24 బైట్ల నుంచి 16 బైట్లకు తగ్గింది. వినడానికి స్వల్పంగా అనిపించినా, ఒక పేజీలో లక్షల విలువలు తిరిగే చోట మెమరీ కోసం ప్రాసెసర్ ఎదురుచూసే సమయం తగ్గి, 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో ఎన్నో అప్లికేషన్లు సుమారు రెట్టింపు వేగంతో నడిచాయి. హెచ్‌హెచ్‌వీఎం 2019లో పీహెచ్‌పీకి మద్దతు మానుకుంది. వికీపీడియా కూడా ఆ ఏడాదే తిరిగి పీహెచ్‌పీకి వచ్చింది. మనం చదివే తెలుగు వికీపీడియా పేజీలు కూడా ఈ ఇంజిన్ మీదే తయారవుతున్నాయి.

విడుదలలు ఎప్పుడెప్పుడు? ఒక వెర్షన్‌కు మద్దతు ఎంతకాలం?

ఏడాదికొక వెర్షన్, సాధారణంగా నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో వస్తుంది. రెండేళ్లు బగ్‌లు సరిచేస్తారు, ఆ తర్వాత రెండేళ్లు భద్రతా లోపాలు మాత్రమే. గతంలో ఈ రెండో గడువు ఒక్క ఏడాదే ఉండేది, 2024లో పెంచారు.

భద్రత సంగతి ఏమిటి? ఎవరైనా దొంగ కోడు చేర్చలేరా?

ఆ ప్రయత్నం జరిగింది. 2021 మార్చి 28న లెర్డార్ఫ్, పోపోవ్ పేర్లతో రెండు కమిట్‌లు (కోడులో నమోదు చేసే మార్పులు) ప్రాజెక్టు సొంత గిట్ సర్వరులోకి వచ్చాయి. మొదటిది అక్షరదోషం దిద్దుబాటు అన్న ముసుగులో ఉంది. యూజర్ ఏజెంట్ అనే హెడర్ పేరు చివర ఒక అక్షరం అదనంగా పెట్టి, ఫలానా పదంతో మొదలయ్యే విలువ పంపితే, ఆ వెనుక ఉన్న కోడును సర్వరు నడిపేస్తుంది. కమిట్‌లను చదివే అలవాటున్న ఇతర డెవలపర్లు కొద్ది గంటల్లోనే పట్టుకుని తీసేశారు కనుక అది ఏ విడుదలలోకీ చేరలేదు. ఆ తర్వాత సొంత సర్వరును మూసేసి, గిట్‌హబ్‌ను అసలు రిపాజిటరీగా (కోడు నిల్వగా) చేసుకుని, రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేశారు.

లోపాలు పొరపాటున కూడా వస్తాయి. 2024 జూన్‌లో బయటపడిన ఒక తీవ్రమైన లోపం, విండోస్‌లో సీజీఐ (పీహెచ్‌పీని విడి ప్రోగ్రాముగా పిలిచే) పద్ధతిలో నడిచే సర్వర్లలో, ఒక ప్రత్యేక హైఫన్ గుర్తును విండోస్ మామూలు హైఫన్‌గా మార్చేయడం వల్ల పుట్టింది. దాంతో 2012లో మూసిన పాత కన్నం ఒకటి మళ్లీ తెరుచుకుంది. అందుకే మద్దతు ముగిసిన వెర్షన్ మీద సైటు నడుపుతూ ఉండడం మంచిది కాదని గట్టిగా చెబుతున్నాము.

ఈ పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

చాలాకాలం కొందరు స్వచ్ఛందంగానూ, మరికొందరు ఇంజిన్ పేరే ఉన్న జెండ్, జెట్‌బ్రెయిన్స్ వంటి కంపెనీల జీతం మీదా పనిచేశారు. ఆ ఏర్పాటు ఎంత పలచనో 2021లో తెలిసింది. ఇంజిన్ లోతుపాతులన్నీ తెలిసిన అతి కొద్దిమందిలో ఒకరైన నికితా పోపోవ్, జెట్‌బ్రెయిన్స్ వదిలి ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు పనికి వెళ్తున్నట్టు ప్రకటించారు. ఆ వార్తతో పాటే 2021 నవంబరు 22న పీహెచ్‌పీ ఫౌండేషన్ ఏర్పాటును ప్రకటించారు. వర్డ్‌ప్రెస్ వెనుక ఉన్న ఆటోమాటిక్, లారావెల్, సింఫనీ ఫ్రేమ్‌వర్కుల వారు, జెండ్, జెట్‌బ్రెయిన్స్ తదితరులు దానికి పునాది వేశారు. విరాళాలతో అది కొందరు డెవలపర్లకు వేతనం ఇచ్చి భాష మీద పనిచేయిస్తుంది. ఏ సదుపాయం చేరాలో నిర్ణయించే అధికారం మాత్రం ఫౌండేషన్‌కు లేదు. అది ఓటింగ్‌తోనే తేలాలి. ఈ విభజన ఇలాగే కొనసాగాలని మేము బలంగా కోరుకుంటున్నాము.

తెలుగుకు కావలసినవి ఇందులో చేర్పించగలమా?

తప్పకుండా. బహుళ బైట్ల అక్షరాల కోసం ఉన్న ఎంబీస్ట్రింగ్ ఎక్స్‌టెన్షన్‌ను రాసింది తమ లిపితో ఇబ్బంది పడిన జపాన్ డెవలపర్లే. ఎవరో చేసిపెడతారని వారు కూర్చుని ఉంటే మనకూ ఆ ఫంక్షన్లు ఉండేవి కావు. మనకు అవసరమైనవి కొన్ని ఇప్పటికే ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నాయి. నంబర్_ఫార్మాట్ 1,234,567 అని విడగొట్టే సంఖ్యను, తెలుగు లొకేల్ (భాషా ప్రాంత సెట్టింగు) ఇచ్చిన నంబర్‌ఫార్మాటర్ మన పద్ధతిలో 12,34,567 అని రాస్తుంది. లోపాలూ ఉన్నాయి. "అమ్మ" అనే పదంలో అక్షరాలు రెండే అయినా, ఇంటల్ ఆధారపడే ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ పాత వెర్షన్లతో నడిచే సర్వర్లలో గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ 3 అంటుంది, పొల్లుతో ఉన్న మకారాన్ని విడిగా లెక్కిస్తుంది కనుక. ఒత్తును విడదీయరాదన్న నియమం 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో చేరింది. ఇలాంటివి గమనించి చెప్పవలసింది తెలుగు రాసే మనమే.

వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టవచ్చా?

పెట్టవచ్చు. $పేరు అన్నది సరైన వేరియబులే. అయితే కీబోర్డు కొన్నిచోట్ల చొప్పించే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును కూడా భాష పేరులో భాగంగానే తీసుకుంటుంది. చూడడానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు వేరువేరు వేరియబుళ్లు కావచ్చు. జట్టుగా చేసే పనిలో వద్దని మా సలహా.

నాకు సీ భాష అంతగా రాదు. నేనేం చేయగలను?

పరీక్షలు రాయడం అందరికీ అందుబాటులో ఉన్న మంచి మొదలు. పీహెచ్‌పీటీ అనే ఫైలులో కనీసం మూడు భాగాలుంటాయి: పరీక్ష పేరు, నడపవలసిన పీహెచ్‌పీ కోడు, రావలసిన ఫలితం. మేక్ టెస్ట్ అనే కమాండు ఇస్తే ఆ కోడును నడిపి, వచ్చినదాన్ని రావలసినదాంతో పోల్చి, తేడా ఉంటే డిఫ్ అనే తేడాల ఫైలులో చూపిస్తుంది. ఒక బగ్ నివేదిక చదివి, దాన్ని అయిదారు వరుసల్లో మళ్లీ పుట్టించే పరీక్షగా మార్చి ఇస్తే, సరిచేసేవారి శ్రమలో పెద్ద భాగం తగ్గుతుంది. సీ వచ్చినవారు బగ్ సవరణను, బగ్‌లు సరిచేసే గడువు ఇంకా ముగియని వెర్షన్లలో అన్నిటికన్నా పాతదాని బ్రాంచికి (కోడు శాఖకు) పంపాలని గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి దాన్ని కొత్త బ్రాంచిల్లోకి వరుసగా కలుపుతారు. మొదటిసారి పంపేవారు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు.

తెలుగులో అధికారిక మాన్యువల్ ఉందా?

ప్రస్తుతం ప్రచురితమవుతున్న అనువాదాల్లో జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, టర్కిష్ వంటివి ఉన్నాయి, తెలుగు లేదు. మాన్యువల్ మూలం డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల రూపంలో గిట్‌హబ్‌లోనే ఉంది. అనువదించిన ప్రతి ఫైలు తల భాగంలో, అది ఆంగ్ల మూలం ఏ కమిట్‌కు అనువాదమో రాసి ఉంచుతారు; మూలం మారగానే ఏ పేజీ పాతబడిందో దానిద్వారా తెలిసిపోతుంది. అనువాదం మొదలుపెట్టడం కన్నా దాన్ని ఏళ్ల తరబడి తాజాగా నిలపడమే కష్టం కనుక, కొద్దిమంది కలిసి స్ట్రింగు ఫంక్షన్ల వంటి ఒక విభాగాన్ని మాత్రం ఎంచుకుని ముందుకు సాగడం ఆచరణలో పెట్టదగిన మార్గం.